కూలరా, ఏ.సి.యా?

ఎండాకాలం వచ్చిందంటే ఖైరతాబాదు మొదలు అమీర్‌పేట దాకా చాలా ఇళ్ళలో ఇదే చర్చ. పక్కనున్న బేగంపేటలో 1966 జూన్‌లో 45.5 డిగ్రీల వేడి నమోదయింది! అటువంటి ఎండలో పై అంతస్తు గదిలో ఉండే ముసలివారికీ, పసివారికీ ప్రాణాపాయం కూడా కలగవచ్చు. గనక ఈ చర్చ ఊరికే పోయేది కాదు.

పూర్వం గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. కూలరు ఆ తడికకు మనుమడే. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని గాలిలోనుంచి లాక్కుంటుంది. అందుచేత గాలి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత బాగా సాగుతుంది.

మీ ఊరి గాలి ఎటువంటిదో మీరే పరీక్షించవచ్చు. గది వేడిని కొలిచే థర్మామీటర్లు రెండు తీసుకోండి. (జ్వరం చూసేది పనికిరాదు!) ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ ఫాను ముందు పెట్టండి. వేడి 40 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతమే ఉంటే తడి థర్మామీటరు 22 దగ్గరకు దిగుతుంది. కూలరు గాలిని అంతకంటె చల్లబరచలేదు. అయినా అది తక్కువేమీ కాదు. అదే విశాఖపట్నంలో వేడి 34, తేమ 75 శాతం ఉన్ననాడు తడి థర్మామీటరు 30 దగ్గరే ఆగిపోతుంది. అక్కడి చుట్టాలు కూలరును తిట్టుకుంటే ఆశ్చర్యమేమున్నది? వానలు పడ్డాక హైదరాబాదులోనూ అంతే; ఒళ్ళు జిడ్డుగా తయారవుతుంది.

ఏ.సి.కి ఈ ఇబ్బంది లేదు. బావిలో నీరు తనంతట తాను పైకి రాదు, చేదతో తోడాలి. ఏ.సి. కూడా గదిలోని వేడిని అలాగే తోడి బయట పారబోస్తుంది. చలిదేశాలవారు ఇదే యంత్రాన్ని తిరగేసి, బయటి వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. దానికి హీట్ పంప్ అని పేరు. ఏ.సి.కి "టన్ను" అని చెప్పేది బరువు కాదు. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని తోడగల శక్తి అది.

ఇక ఖర్చు. కూలరు 200 వాట్లు తింటే ఒకటిన్నర టన్నుల ఏ.సి. పూర్తిగా పనిచేసేటప్పుడు 1500 దాకా తింటుంది. నక్షత్రాలు ఎక్కువున్నది కొంటే కొంత నయం. 24 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే చాలు. కూలరుకు కిటికీ తెరవాలి, ఏ.సి.కి మూయాలి. చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు.

ఏదీ కొనకముందు డాబాకు తెల్లసున్నం వేయించి చూడండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

ఏ.సి.యే కొన్నారనుకోండి. ఇరుకు సందులో దాని బయటి పెట్టెను ఎదురింటి కిటికీకేసి బిగిస్తే, మనం తోడిన వేడంతా వాళ్ళ గదిలోకే పోతుంది. పనివాడు నిచ్చెన వేయకముందే ఈ మాట నాన్నగారితో చెప్పండి.