జీపు బ్రేకు ఎందుకు మెత్తబడింది?

పెనుకొండ పేరు చెప్పగానే పెద్ద కొండా, విజయనగర రాజుల కోటా గుర్తుకు వస్తాయి. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగాక ఆ రాజులు తమ రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. ఆ రోజుల్లో ఇక్కడ గుర్రాలు తిరిగాయి. ఇప్పుడో, పక్కనే ఉన్న ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి!

ఈ ఊళ్ళో ఒక పాత జీపు ఉన్నదనుకోండి. రాళ్ళదారుల్లో తిరగటానికి యజమాని దాన్ని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాడు. ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు తీసేసి, డిస్కు బ్రేకులు పెట్టించాడు. జీపు ఏనుగులాగా ఠీవిగా ఉంది. కాని బ్రేకు తొక్కితే పెడలు దూది దిండులాగా లోపలికి పోతున్నది! గబగబా రెండు మూడుసార్లు తొక్కితేగాని గట్టిపడదు.

"అలాగే తొక్కి నడుపుకుంటే పోలా?" అంటారేమో. కొండ దిగేటప్పుడు ఎదురుగా మేకల మంద వస్తే, రెండోసారి తొక్కే వ్యవధి ఉంటుందా?

పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని నూనె గొట్టాల వెంట చక్రాల దాకా ఒత్తిడిని మోసుకుపోతుంది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమంగా పాకుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ (1623-1662) చెప్పాడు. బ్రేకు పని చేసేది ఈ సూత్రం మీదనే.

మీరే చూడండి. సూదిలేని కొత్త సిరంజీలు రెండు తీసుకుని సన్నని గొట్టంతో కలపండి. నిండా నీళ్ళుంటే, ఒకదాన్ని నొక్కగానే రెండోది కదులుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే, మీ బలం ముందు ఆ బుడగను అణచటానికే ఖర్చవుతుంది. జీపులో జరిగిందీ ఇదే. బ్రేకులు మార్చేటప్పుడు గొట్టాలు విప్పారు గదా, గాలి దూరింది.

అయితే మెత్తటి పెడలుకు కారణం ఎప్పుడూ గాలే కాదు. కాలు తీయకుండా నొక్కి ఉంచితే పెడలు మెల్లగా దిగిపోతున్నదా? ఎక్కడో నూనె కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండరులోని రబ్బర్లు అరిగి ఉండాలి. గాలీ లేక, కారటమూ లేక, పెడలు మరీ లోతుకు పోతున్నదా? కొత్త బ్రేకులకు కావలసినంత నూనెను పాత చిన్న సిలిండరు తొయ్యలేకపోతున్నదేమో చూడాలి.

మన మేస్త్రి జీపు కింద చూశాడు. ఎక్కడా తడి లేదు. కనక గాలి తీయటం మొదలుపెట్టాడు. కుర్రవాడు పెడలు తొక్కి పట్టుకుంటే, మేస్త్రి చక్రం దగ్గర నిప్పిల్ వదులు చేస్తాడు. బుడగలతో నూనె వస్తుంది. నిప్పిల్ బిగించాకనే కుర్రవాడు కాలు తీయాలి, లేకపోతే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. డబ్బాలో నూనె తరగకుండా పోస్తూ ఉండాలి.

ఇలా నాలుగుసార్లు చేశారు. బుడగలు ఆగిపోయాయి. పెడలు మాత్రం మెత్తగానే ఉన్నది!

కుర్రవాడు ముందు చక్రం వైపు వంగి చూసి, "మేస్త్రీ, గాలి పైకి పోతుంది గదా? మరి ఈ నిప్పిల్ కిందనే ఉందే!" అన్నాడు.

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. కుడివైపు బిగించవలసిన కాలిపర్ ఎడమవైపుకూ, ఎడమవైపుది కుడివైపుకూ బిగించారు! నిప్పిళ్ళు కిందికి వచ్చాయి, గాలి పైన ఇరుక్కున్నది. వాటిని మార్చి, మళ్ళీ గాలి తీయగానే పెడలు రాయిలాగా నిలిచింది.

బ్రేకు పని తెలిసిన పెద్దలే చేయాలి. బ్రేకు నూనె విషం, మీరు తాకవద్దు. కాని సిరంజీ గొట్టంలో బుడగ మిగిలితే, దాన్ని బయటికి పంపటానికి ఏ కొసను పైకెత్తాలో ఇప్పుడు మీరే చెప్పగలరు.