అరకు చలికి గదులు చాలవు

అరకులోయ: మార్గశిరం అడుగుపెట్టిందంటే విశాఖపట్నంలో బీరువాల అడుగున మడతపెట్టిన స్వెట్టర్లు బయటకు వస్తాయి. విశాఖలో వాటితో పెద్దగా పని లేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో చలి పేరుకే గాని ఒంటికి తెలియదు. ఆ స్వెట్టర్లూ, నాయనమ్మగారి ఉన్ని శాలువా, తాతగారి మంకీ క్యాపూ, పసివాడి కుచ్చుటోపీ అన్నీ అరకు ప్రయాణం కోసమే. క్రిస్మస్ సెలవుల నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాలు వస్తే చాలు, ఇంటిల్లిపాదీ సంచులు సర్దుకుని కొండెక్కుతున్నారు. చలిని వెతుక్కుంటూ ఊరు వదిలి పోవడమేమిటని పెద్దవాళ్లు మొదట గొణుగుతారు. మనవల మాట కాదనలేక చివరకు వారే ముందు బండెక్కుతారు.

కొండెక్కాక మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. గది దొరికిందా?

ముందుగా గది ఖాయం చేసుకోకుండా వచ్చిన కుటుంబాలు డిసెంబరు నెలాఖరులో పడే అవస్థ ఇంతా అంతా కాదు. పిల్లలను కారులో కూర్చోబెట్టి తండ్రి ఒక్కో లాడ్జి గడపా ఎక్కి దిగుతాడు. చీకటి పడేకొద్దీ మంచు దిగుతుంది, అద్దె పెరుగుతుంది. చివరకు కారులోనే తెల్లవార్లూ గడిపేవారు కొందరు, రాత్రికి రాత్రే ఘాటీ దిగి శృంగవరపుకోట చేరేవారు మరికొందరు. ఇంత పేరున్న చోట, ఇన్నేళ్లుగా ఇంతమంది వస్తున్న చోట గదులు ఎందుకు చాలడం లేదు? ఊటీలో, కొడైకెనాల్‌లో కొండ వాలు నిండా హోటళ్లు లేచాయి గదా, ఇక్కడెందుకు లేవలేదు? దానికి జవాబు రైలు పట్టాల్లో కాదు, చలిలో కాదు, చట్టంలో ఉంది.

సొరంగాల దారి

చట్టం సంగతికి ముందు దారి సంగతి. విశాఖ నుంచి రోడ్డు మీద అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండదారి మొదలవుతుంది. త్యాడ, డముకు, అనంతగిరి, గాలికొండ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అయితే పిల్లలున్న వారు కోరుకునేది రైలే. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు దాదాపు నాలుగు గంటలు కొండలను చుట్టి అరకు చేరుతుంది. కొత్తవలస - కిరండూల్ లైను యాత్రికుల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960 దశకంలో వేశారు. ఈ లైను మీద 58 సొరంగాలు ఉన్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా కేక పెట్టడం ఆనవాయితీ. పెద్దలు కసురుతారు, తరువాతి సొరంగంలో తామే ఒక కేక కలుపుతారు.

2017లో ఈ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. దారిలోని శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని ఒకప్పుడు దీనికి పేరు. కాశ్మీరు లోయకు రైలు వచ్చాక ఆ పేరు అటు పోయింది. ఇక్కడి వారు మాత్రం ఇంకా ఆ మాటే చెప్పుకుంటారు.

చలి ఎందుకింత?

అరకులోయ సముద్ర మట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. దానికి తోడు శీతకాలంలో రాత్రిపూట ఆకాశంలో మబ్బు ఉండదు. పగలు భూమి దాచుకున్న వేడి కప్పు లేని ఇంట్లో పొగలాగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి చుట్టూ ఉన్న కొండవాలుల మీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే కొండ మీద కన్న లోయలో పొలాల దగ్గర మంచు ముందు పడుతుంది. పొద్దెక్కేదాకా రోడ్డు మీద లైట్లు వేసుకోక తప్పదు.

ఇంతకన్న చలి కావాలనేవారు పాడేరు మీదుగా చింతపల్లి మండలం లంబసింగి పోతున్నారు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. పత్రికల్లో రోజూ వచ్చే చలి లెక్కల్లో ఎక్కువ భాగం చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తీసినవి.

ఎవరి నేల, ఎవరి గది

ఇక అసలు సంగతి. అరకు, అనంతగిరి మండలాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఇవి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి భూమిని గిరిజనేతరుడు కొనడానికి వీలులేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో మరింత బిగించారు. జనం నోట అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మితే చెల్లదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది.

ప్రభుత్వ భూమినైనా లీజుకు తీసుకోవచ్చు గదా అంటే, ఆ దారినీ ఇక్కడి కొండలే మూసివేశాయి. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం మీద 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతా ఉదాహరించే ఆ తీర్పు పుట్టింది యాత్రికులు గుహలు చూడటానికి వరుస కట్టే ఆ బొర్రా దగ్గరే. టిక్కెట్టు కొని గుహలోకి దిగేవారిలో ఆ సంగతి ఎరిగినవారు అరుదు.

అందువల్ల అరకులో చాలాకాలం బస అంటే పర్యాటకాభివృద్ధి సంస్థ కట్టినదే. అరకులో మయూరి, అనంతగిరిలో కొండ మీది విడిది, త్యాడ అడవిలో చెక్క కుటీరాలు ఆ కోవలోవే. ప్రైవేటు లాడ్జీలు లేవని కాదు, చాలానే వెలిశాయి. వాటిలో కొన్ని గిరిజనుల పేరు మీద నడుస్తున్నా పెట్టుబడి, లాభం వేరొకరివన్న ఆరోపణ ఏజెన్సీలో పాతదే. గదులు తక్కువ కావడానికి చట్టం కారణమనేవారు ఉన్నారు. చట్టమే లేకపోతే ఈపాటికి లోయలో గిరిజనుడికి కాలు మోపే చోటుండేది కాదనేవారు అంతకన్న గట్టిగా ఉన్నారు. వలిసె చేలు నిలిచి ఉండటం చూస్తే రెండో మాటకే బలం కనిపిస్తుంది. ఊటీ వాలులను చూసి వచ్చినవారికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

పర్యాటక ప్రాజెక్టుల కోసం ఈ నిబంధనను సవరించాలన్న మాట 2025 ఆరంభంలో శాసనసభ స్పీకర్ నోట రావడంతో మన్యం భగ్గుమంది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ బంద్ జరిగింది. దుకాణాలు మూతపడ్డాయి, విహారానికి బయలుదేరిన వారి బళ్లు ఆగిపోయాయి. నిబంధనను రద్దు చేసే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది.

ఈమధ్య కొందరు గిరిజన యువకులు తమ ఇంటినో, ఇంటి పక్కన వేసిన గుడారాలనో బసగా ఇస్తున్నారు. వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాగుతాయి. పొద్దున్నే చోడి అంబలి అడిగితే ఇస్తారు. స్నానాలగది కొంచెం దూరం నడవాలి. పట్నపు పిల్లలు మొదటి పూట మొహం ముడుచుకున్నా రెండో పూటకు కోడిపిల్లల వెంట పడుతుంటారు. ఈ బసలో ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతుందో చూసి మరీ ఇవ్వవచ్చు.

నెగడు చుట్టూ

రాత్రి ఎనిమిది దాటితే విడిదిలో అందరూ చేరేది నెగడు దగ్గరే. అరచేతులు మంటకు చాపి, వీపు చలికి అప్పగించి కూర్చుంటారు. పక్కన బొంగులో చికెన్ కాలుతుంటుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క అక్కరలేదు. రోడ్డు పక్కన దీని ధర పండుగ రోజుల్లో ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటుంది. ముందే అడగడం మేలు.

డప్పు, సన్నాయి మోగితే థింసా మొదలైనట్టే. ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు కలిపి ఆడవాళ్లు వరుసగా, పాములా మెలికలు తిరుగుతూ ఆడతారు. ఇది చైత్రమాసపు ఇటుకల పండుగలో, పెళ్లిళ్లలో ఊరంతా ఆడుకునే ఆట. విడిదిలో మాత్రం పుష్యమాసంలో కూలికి ఆడుతున్నారు. పగలంతా కాఫీ పండ్లు కోసి వచ్చిన చేతులే అవి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ కోతల కాలం. వెండి ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ ఎర్రబడిన పండ్లను ఒక్కొక్కటే ఏరాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోతకు ఎంత, ఆటకు ఎంత అని లెక్క చూసుకుని పనికి పోయే రోజులివి. నెగడులో కాలే కట్టె కూడా ఎవరో ఆడమనిషి కొండ మీంచి నెత్తిన మోసుకొచ్చిందే. రెండో మోపు అడిగేముందు ఆ సంగతి గుర్తుంటే మంచిది.

వలిసె పూలు వచ్చేసరికి లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కేవారు ఎక్కువయ్యారు. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. తొక్కిన మేర గింజ రాదు. విసిగిన రైతులు కొందరు గట్టు మీద తాడు కట్టి ఫొటోకు ఇంతని రుసుము పెట్టారు. వారిని తప్పు పట్టడానికి లేదు.

పసిపిల్లలతో, పెద్దలతో వచ్చేవారు చీకటి పడకముందే ఘాటీ ఎక్కేలా బయలుదేరాలి. పొగమంచులో ఎదురు బండి పది గజాల దూరానికి వచ్చేదాకా కనిపించదు. ఉబ్బసం ఉన్నవారు తెల్లవారుజామున మంచులో తిరగరాదు. మందులు వెంట తెచ్చుకోవాలి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం ప్రాణాపాయం. రగ్గు ఇంకొకటి అడిగితే ఇస్తారు.

సంక్రాంతి వెళ్లాక ఒక్కసారిగా జనం పలచబడతారు. జనవరి నెలాఖరున వారం మధ్య రోజుల్లో వచ్చేవారికి అదే చలి, అదే మంచు, కోరిన గది దొరుకుతున్నాయి. నెగడు దగ్గర కుర్చీ కోసం పోటీ ఉండదు. థింసా ఆడేవారు మాత్రం అప్పటికి తోటల్లో చివరి కోతకు పోయి ఉంటారు.