5.3 ఎంత? 7.7 ఎంత? భూకంపం అంకెను ఇలా చదవండి

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27 గంటలకు మీరు వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉంటే గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లాలో భూమి కంపించింది. 5.3గా నమోదైంది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్‌ను నేలమట్టం చేసిన భూకంపం 7.7. అంకెలు పక్కపక్కన పెడితే 'ఒకటిన్నర రెట్లు కూడా లేదే' అనిపిస్తుంది. నిజానికి విడుదలైన శక్తిలో తేడా దాదాపు 4,000 రెట్లు!

ఈ తికమకంతా స్కేలు వల్లే. రూపాయలతో చూద్దాం. వెయ్యిలో సున్నాలు 3, లక్షలో 5. సున్నాలు మాత్రమే లెక్కపెడితే తేడా 2. డబ్బులో చూస్తే 100 రెట్లు. లాగరిథమిక్ స్కేలు అంటే ఇలా సున్నాలు లెక్కపెట్టడమే. 1935లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ రిక్టర్ ఈ పద్ధతి ఎంచుకున్నారు. యంత్రం గీసే గీతలు కొన్ని కంటికి ఆననంత చిన్నవి, కొన్ని లక్షల రెట్లు పెద్దవి. అన్నిటినీ ఒకే స్కేలులో ఇమడ్చాలంటే వేరే దారి లేదు.

అంకె ఒకటి పెరిగితే, అదే దూరంలో నమోదయ్యే కంపన ఎత్తు 10 రెట్లు అవుతుంది. శక్తి మాత్రం సుమారు 32 రెట్లు. రెండు పెరిగితే వెయ్యి రెట్లు. పాయింట్లను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 1969లో భద్రాచలం ప్రాంతంలో వచ్చిన భూకంపం 5.7. ములుగు కంటే 0.4 ఎక్కువ, అంతే. శక్తి మాత్రం 4 రెట్లు.

'చిన్న భూకంపాలు వస్తే మంచిదే, లోపలి ఒత్తిడి పోతుంది' అనే వాట్సాప్ ఫార్వర్డ్ మీకూ వచ్చి ఉంటుంది. లెక్క చూస్తే అది నిలవదు. భుజ్ భూకంపమంత శక్తి బయటికి పోవాలంటే ములుగు లాంటివి 4,000 రావాలి.

అంకె పెద్దదైతే నష్టమూ అంతే పెద్దదా? కాదు. 1993లో మహారాష్ట్రలోని లాతూర్ భూకంపం 6.2 మాత్రమే. దాదాపు 10 వేల మంది చనిపోయారు. భూమి పైపొరల్లోనే, అదీ తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగా వచ్చింది. రాళ్లు, మట్టితో కట్టిన ఇళ్లు మీద కూలాయి. ములుగు భూకంప కేంద్రం 40 కిలోమీటర్ల లోతున ఉంది.

ఇక్కడ మన వార్తల భాషలోనూ ఓ చిక్కుంది. భూకంపం పరిమాణాన్నీ, ఒక ఊరికి తగిలిన కుదుపునూ రెంటినీ 'తీవ్రత' అనే రాసేస్తాం. పరిమాణం ఒక భూకంపానికి ఒకటే. కుదుపు మాత్రం ఊరూరికీ మారుతుంది. 'రిక్టర్ స్కేలుపై' అనడమూ పాత అలవాటే. పెద్ద భూకంపాలను ఇప్పుడు మూమెంట్ మాగ్నిట్యూడ్‌తో కొలుస్తున్నారు. లెక్క మాత్రం సున్నాలదే.

ఈసారి నేల కదిలినట్టు అనిపిస్తే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వెబ్‌సైట్ గానీ, వాళ్ల 'భూకంప్' యాప్ గానీ తెరవండి. అంకెతోపాటు లోతు, కేంద్రం ఎక్కడో కూడా అందులో ఉంటాయి. మూడూ కలిపి చూడండి.