బదరీ చెట్టు కింది నుంచి

చావు కోరి బదరీ చెట్టు కింద కూలబడిన ఏలీయాను దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె పెట్టించాడు (1 రాజులు 19). మళ్లీ పనికి పంపాడు. అమెరికా రాక్ గాయని లేసీ స్టర్మ్ జీవితం మనకు ఈ అధ్యాయాన్నే గుర్తుచేస్తుంది. పదహారేళ్లకే ఆత్మహత్యకు సిద్ధపడిన ఆమెను ఆ రోజే ఇంటి పెద్దావిడ పట్టుబట్టి చర్చికి పంపింది. ప్రభువు అక్కడే ఆమెను దర్శించాడు. తర్వాత ‘ఫ్లైలీఫ్’ బృంద గాయనిగా పేరు పొందింది. 2012లో, చంటిబిడ్డ తల్లిగా, తమ సౌండ్ ఇంజనీరు మరణం కలచివేయగా, ఆ బృందాన్ని విడిచింది. మన క్వయర్లలో మైకు వదలడానికే ఎంత బాధపడతాం! 2016లో ‘లైఫ్ స్క్రీమ్స్’ అనే సొంత ఆల్బమ్‌తో తిరిగొచ్చింది. అది బిల్‌బోర్డ్ హార్డ్ రాక్ జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ హోరు మన పెద్దలకు నచ్చకపోవచ్చు. చావాలనుకునే పిల్లలు మాత్రం ఆ గొంతులో తమ బాధను విన్నారు.