పాలపొడి, పసికందు మెదడు

నాగర్‌కర్నూలు జిల్లా కల్వకుర్తి పరిసరములలో వేసవి ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటుట వింత కాదు. మధ్యాహ్నము కలిపి ఉంచిన పాలు సాయంత్రమునకు విరుగును. విరిగిన పాలను ఏ తల్లియు బిడ్డకు పట్టదు. కాని పాలు విరుగకముందే, రుచియు వాసనయు మారకముందే, వానిలో సూక్ష్మజీవులు వృద్ధి పొందుచుండును. పాలపొడి విషయమున ఇది ముఖ్యముగా గుర్తింపదగినది.

డబ్బాలోని పాలపొడి శుభ్రముగా కనిపించినను అది సూక్ష్మజీవిరహితము కాదు. తయారీలో పాలను వేడిచేసినను, ఆ తరువాత ఆరబెట్టునపుడో, డబ్బాలకెత్తునపుడో, ఇంట మూత తీసినపుడో సూక్ష్మజీవులు చేరవచ్చును. వానిలో ఒకటి క్రోనోబాక్టర్ సకజాకీ. తేమలేని పొడిలో ఇది రెండేండ్లకు పైగా జీవించియుండగలదు. నీరు తగిలినంతనే పెరుగ నారంభించును.

1958లో ఇంగ్లండులో ఇద్దరు నవజాత శిశువులు దీని వలన మెదడుపొరల వాపు కలిగి మరణించిరి. 1980లో దీనికి జపాను శాస్త్రజ్ఞుడు రీచి సకజాకి పేరు పెట్టిరి. 2008లో దీనిని క్రొత్త ప్రజాతిగా గుర్తించి, తన బిడ్డలనే మ్రింగిన గ్రీకు పురాణ దేవత క్రోనస్ పేరు చేర్చిరి.

ఈ వ్యాధి బహు అరుదు. కాని సోకినచో ప్రాణాంతకము. శిశువు జఠరరసములో ఆమ్లత తక్కువ. రోగముల నెదిరించు శక్తి ఇంకను పక్వము కాదు. సూక్ష్మజీవి ప్రేగుల నుండి రక్తములోనికి, రక్తము నుండి మెదడునకు చేరి, అచట చీముగడ్డలు కలిగింపవచ్చును. రెండు నెలల లోపు వారికి, అందును నెలలు నిండక పుట్టినవారికి, బరువు తక్కువగలవారికి అపాయ మెక్కువ. బ్రతికిన కొందరికి మూర్ఛలు, ఎదుగుదల లోపములు మిగులును.

23 డిగ్రీల వద్ద ఈ జీవి సుమారు 40 నిమిషములకొకసారి రెట్టింపగునని ప్రయోగములలో తేలినది. ఈ లెక్కన ఒక్క కణము 6 గంటలలో 9 మార్లు రెట్టింపై 512 కణములగును. వేసవి వెచ్చదనములో ఈ వేగము ఇంకను హెచ్చును. 10 డిగ్రీల చల్లదనములోనైతే ఒక్కసారి రెట్టింపగుటకే దాదాపు 5 గంటలు పట్టును.

తల్లిపాలే శిశువునకు శ్రేష్ఠమైన ఆహారము, రక్ష. డాక్టరు సలహాపై పాలపొడి వాడవలసివచ్చినచో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతి పాటింపవలెను. మరిగించిన నీటిని అరగంటకు మించి చల్లార్చక, 70 డిగ్రీలకు తగ్గని వేడిలోనే పొడి కలుపవలెను. ఆ వేడికి ఈ సూక్ష్మజీవులు నశించును. పిమ్మట సీసాను చన్నీటిలో ఉంచి, పాలు గోరువెచ్చనైన వెంటనే పట్టవలెను. రెండు గంటలు దాటినచో మిగిలిన పాలు పారబోయవలెను.

బిడ్డ పాలు త్రాగకుండుట, మందకొడిగా పడియుండుట, ఒళ్ళు కాలుట లేక చల్లబడుట, మూర్ఛ, మాడు ఉబ్బుట కనిపించినచో ఆలస్యము కూడదు. ఆసుపత్రిలో వెన్నునుండి తీసిన ద్రవమును పరీక్షించి, తగిన మందు ఇత్తురు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూచుటకు 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చును. కాని ఈ గుర్తులు కనిపించిన నాడు ఆమె రాకకై వేచియుండరాదు. ఈ వ్యాధిలో ఒక్క పూట జాప్యమైనను బిడ్డ మెదడునకు తీరని నష్టము కలుగవచ్చును.