బ్యాగు దొరికాక పడిన దెబ్బ

పోయిన సెమ్ చివర్లో, ఎగ్జామ్స్‌కి నాలుగు రోజుల ముందు మా హాస్టల్లో దొంగ పడ్డాడు. టైమ్ రాత్రి రెండున్నర. రెండో ఫ్లోర్ నుంచి "దొంగ! దొంగ!" అని ఒకటే కేకలు. చదువుతున్నవాళ్లు, నిద్రపోతున్నవాళ్లు, రీల్స్ చూస్తున్నవాళ్లు అందరూ బయటికొచ్చారు. నేనైతే మంచం కిందున్న క్రికెట్ బ్యాట్ పట్టుకుని మరీ వచ్చాను. మా పక్క రూమ్ వాడి ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఒకడు మెస్ వెనక్కి పరిగెడుతున్నాడు. కాంపౌండ్ గోడ ఎక్కే తొందరలో బ్యాగు వదిలేశాడు. తర్వాత తనూ జారి పడ్డాడు. ఇరవై మందిమి చుట్టేశాం.

మొదటి దెబ్బ ఎవరు వేశారో నాకు తెలీదు. రెండోదీ, మూడోదీ కూడా తెలీదు. నా బ్యాట్ పైకి లేచిన సంగతి మాత్రం బాగా తెలుసు. అంతలో మా వాచ్‌మన్ తాత మధ్యలోకి వచ్చి, "బ్యాగు దొరికింది కదా బాబూ, ఇంకా ఎందుకు కొట్టడం?" అన్నాడు. బ్యాట్ దించేశాను. దించినందుకు ఆ రాత్రి ఫ్రెండ్స్ ముందు కాస్త సిగ్గుగా కూడా అనిపించింది.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఈ కథంతా మా మావయ్యకి గొప్పగా చెప్పాను. ఆయన క్రిమినల్ కేసులు చూసే లాయరు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఏరా, ఆ బ్యాట్ వాడి తలకి తగిలుంటే ఇప్పుడు నువ్వెక్కడ ఉండేవాడివో తెలుసా?" అని రెండు గంటలు క్లాసు పీకాడు. తర్వాత ఆ సెక్షన్లన్నీ నేనే కూర్చుని చదివాను. మనలో చాలామందికి ఇవి తెలీవు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా మంచి వార్త. దొంగని ఆపే హక్కు మనకి ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ఆత్మరక్షణ అంటే మన ఒంటిని కాపాడుకోవడమే అనుకుంటాం. కానీ 35వ సెక్షన్ ప్రకారం ఆస్తిని కూడా కాపాడుకోవచ్చు. మన ఆస్తే కానక్కర్లేదు, పక్కవాడిదైనా సరే. కాబట్టి ఫ్రెండ్ ల్యాప్‌టాప్ కోసం మేం పరిగెత్తడం తప్పు కాదు.

అయితే 37వ సెక్షన్ రెండు షరతులు పెట్టింది. పోలీసుల సాయం తీసుకునే టైమ్ ఉంటే ఈ హక్కు లేదు. టైమ్ లేకపోయినా, కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు.

ఈ హక్కు ఎప్పటిదాకా ఉంటుంది? మా కథలో అసలు పాయింట్ ఇదే. 43వ సెక్షన్ ప్రకారం దొంగతనం విషయంలో హక్కు మూడు సందర్భాల్లో ముగుస్తుంది: దొంగ సొత్తుతో సహా తప్పించుకుపోయినప్పుడు, పోలీసుల సాయం అందినప్పుడు, సొత్తు తిరిగి దొరికినప్పుడు. అంటే బ్యాగు వాడి భుజాన ఉన్నంతసేపు వెంటపడొచ్చు, కింద పడేయొచ్చు, పెనుగులాడి లాక్కోవచ్చు. బ్యాగు మా చేతికొచ్చిన క్షణం నుంచి పడిన ప్రతి దెబ్బా మామూలు నేరమే. చట్టం నాలుగు లైన్లలో చెప్పినదాన్ని మా తాత ఒక్క ప్రశ్నలో అడిగేశాడు.

"మరి ప్రాణం తీసేంత బలం ఎప్పుడు వాడొచ్చు మావయ్యా?" అని అడిగాను. దానికి 41వ సెక్షన్ ఉంది. దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం, ఇల్లు తగలబెట్టడం లేదా పేల్చేయడం లాంటివి, ఇంకా ఆపకపోతే చావో తీవ్ర గాయమో తప్పదనే భయం న్యాయంగా కలిగించే దొంగతనం. ఇంతే. అప్పుడు కూడా 37వ సెక్షన్ షరతులు వర్తిస్తాయి. మిగతా దొంగతనాల్లో చావు తప్ప అవసరమైనంత హాని, అంతవరకే.

"మాదీ రాత్రే కదా!" అన్నాను. "తలుపు తీసి పడుకుని కన్నం అంటే ఎలారా?" అన్నాడు మావయ్య. తాళం పగలగొట్టడం, దారి కాని దారిన దూరడం లాంటివి ఉండాలి. అది నిజమే అయినా, వాడు లోపల ఉన్నంతసేపే ఆ ప్రత్యేక హక్కు ఉంటుంది. పారిపోతున్నవాడి వీపు మీదకి అది వర్తించదు. చేతిలో ఉన్నది బ్యాటా, లైసెన్స్ ఉన్న తుపాకీనా అన్నదాంతో సంబంధం లేదు. లైసెన్స్ ఆయుధం ఉంచుకోవడానికి ఇస్తారు, ఆత్మరక్షణ హద్దు పెంచడానికి కాదు.

సరే, సొత్తు దొరికాక వాణ్ణి వదిలేయాలా? అక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ మామూలు మనిషికీ అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. కానీ ఆ నేరం మన కళ్ల ముందు జరగాలి, అది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరం అయుండాలి. నివాసంలో దొంగతనం అలాంటిదే. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎంత లేటయినా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. పారిపోకుండా ఎంత అవసరమో అంతే పట్టి ఉంచాలి. స్తంభానికి కట్టి తెల్లారేదాకా "ఎంక్వయిరీ" చేయడం ఇందులో లేదు. అరెస్టు పేరుతో దొంగ ప్రాణం తీసే హక్కు కూడా లేదు.

మావయ్య చెప్పినవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది 190వ సెక్షన్. ఐదుగురో అంతకంటే ఎక్కువమందో ఒకే ఉద్దేశంతో గుంపుగా నేరం చేస్తే, ఒకడు వేసిన దెబ్బకి అందరూ బాధ్యులే. "నేను ఊరికే నిలబడ్డాను సార్" అన్న మాట కోర్టులో రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇది ఊహ కాదు. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో, తిండి సరుకులు దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి గుంపు పట్టుకుని, చేతులు కట్టి కొట్టింది. పక్కన నిలబడి సెల్ఫీలు కూడా తీసుకున్నారు. అతను చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 16 మంది నిందితుల్లో 14 మందిని దోషులుగా తేల్చింది, 13 మందికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది.

డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న మా సీనియర్ ఒకన్న "టెక్సాస్‌లో అయితే కాల్చేయొచ్చు" అంటుంటాడు. సగమే నిజం. రాత్రిపూట దొంగతనం చేసి వెంటనే సొత్తుతో పారిపోతున్నవాడి మీద కూడా ప్రాణాంతక బలం వాడటానికి అక్కడి చట్టం కొన్ని షరతుల మీద ఒప్పుకుంటుంది. సొత్తు ఇంకే రకంగానూ తిరిగి రాదని సహేతుకంగా నమ్మడం, లేదా తక్కువ బలం వాడితే తన ప్రాణానికే ముప్పని నమ్మడం లాంటివి ఉండాలి. కానీ అమెరికా అంతా టెక్సాస్ కాదు. జార్జియాలో 2020లో అహ్మాడ్ ఆర్బరీ అనే 25 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి దొంగేమోనన్న అనుమానంతో ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో తరిమారు, ఒకడు కాల్చి చంపాడు. ఆర్బరీ దగ్గర ఏ దొంగసొత్తూ లేదు. ముగ్గురూ హత్యానేరం కింద దోషులయ్యారు. వాళ్లు అడ్డం పెట్టుకున్న, 1863 నాటి పౌర అరెస్టు చట్టాన్ని 2021లో రద్దు చేశారు.

ఆ రాత్రి పోలీసులు వచ్చేలోపు దొంగ మంచినీళ్లు అడిగాడు. వెలుతురులో చూస్తే మా ఏజ్ వాడే. పెదవి చిట్లి ఉంది. తాత బాటిల్ ఇచ్చాడు. మేమంతా ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డాం.

మీ హాస్టల్లోనూ ఎప్పుడో ఒక రాత్రి "దొంగ! దొంగ!" అని కేక వినిపిస్తుంది. పరిగెత్తండి, పట్టుకోండి, సొత్తు లాక్కోండి. ఒకడు 112కి ఫోన్ చేయండి. ఎవడైనా చెయ్యెత్తితే మాత్రం మా తాత అడిగిన ప్రశ్న మీరూ గట్టిగా అడగండి. దొంగ కోసమే కాదు, ఆ చెయ్యెత్తిన ఫ్రెండ్ కోసం కూడా.