మీకు తెలుసా? ఆగిన కలం మళ్ళీ ఇలా కదిలింది!

పరీక్షలో వ్యాసమైనా, పత్రికకు పంపాల్సిన కథైనా, తెల్లకాగితం ముందు కూర్చోగానే ఒక్క ముక్కా తోచకపోవడం రాసేవాళ్ళందరికీ ఎదురయ్యేదే. రంగారెడ్డి జిల్లా కందుకూరులోనూ కథలు, కవితలు రాయాలని ఆశపడే పిల్లలున్నారు. "మాకు రాయడం రాదు" అని వాళ్ళు మొదట్లోనే కలం పక్కన పెట్టేయకూడదు. ఈ సంగతులు వాళ్ళ కోసమే.

1. పోతనకూ పద్యం ఆగిందట!
మొసలి నోట చిక్కిన గజేంద్రుడు మొరపెట్టుకున్నాడు. ఆ వేళ విష్ణువు ఎక్కడున్నాడో చెప్పాలి. వైకుంఠాన్ని వర్ణించబోయిన బమ్మెర పోతన మొదటి మాటల దగ్గరే ఆగిపోయి, గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. "ఇందాక మీరే వచ్చి రాశారు కదా నాన్నా!" అందట కూతురు. పోతన రూపంలో రాముడే వచ్చి రాశాడని తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది.

2. నడిస్తే ఆలోచనలు పెరుగుతాయి
అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ఈ సంగతి ప్రకటించారు. కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువ వచ్చాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ళకూ మేలు జరిగింది.

3. భారతం మధ్యలో ఆగింది, అయినా పూర్తయింది
11వ శతాబ్దంలో నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నిలిచిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఆగిన చోటు జోలికి పోలేదు. విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు పూర్తిచేశాడు. మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. మీ కథలోనూ ఒక ఘట్టం మొరాయిస్తే దాన్ని వదిలి తర్వాతిది రాయండి. ఆ ఖాళీని పిమ్మట పూరించుకోవచ్చు.

4. అవధానికి షరతులే ఊతం
అష్టావధానంలో నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ఊహించి వద్దంటాడు. దత్తపదిలో పొసగని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. దారులు ఇలా మూసుకుపోతున్నకొద్దీ మిగిలిన దారి స్పష్టమవుతుంది. "ఏదైనా రాయి" అంటే తోచనివాళ్ళకు "మీ ఇంటి తలుపు గురించి ఐదు వాక్యాలు రాయి" అంటే చప్పున తోస్తుంది.

5. బొగ్గుతో పుట్టిన పద్యాలు
నిజాం పాలనను ఎదిరించిన దాశరథి కృష్ణమాచార్యను నిజామాబాద్ జైల్లో పెట్టారు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతోనే ఆయన గోడ మీద పద్యాలు రాశారు. మంచి డైరీ, మంచి పెన్ను, ప్రశాంతమైన గది ఉంటే తప్ప రాయలేమనుకునేవాళ్ళు ఆ గోడను తలచుకోవాలి.

6. అడిగితే 354 మంది!
తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి పుస్తకంతోనే జవాబిచ్చారు. 1934లో ఆయన తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులున్నారు. రాసేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు, కావలసింది అడిగేవాళ్ళే. మీ పక్కింటి అమ్మాయిని "కొత్తగా ఏం రాశావమ్మా?" అని అడిగి చూడండి.

7. నిర్మాతలు ఎదురుచూసిన పాట
"రాసి ప్రేక్షకులను, రాయక నిర్మాతలను ఏడిపిస్తాడు" అని సినీరంగంలో ఆచార్య ఆత్రేయ గురించి చెప్పుకునేవారు. ఆయన అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. పాట ఆలస్యమైనా జనం ఆయన్ను 'మనసు కవి' అని గుండెకు హత్తుకున్నారు. ఆలస్యం అసమర్థత కాదు.

8. మనం చదివే 'కన్యాశుల్కం' రెండోది
గురజాడ నాటకం 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. ఆయన అంతటితో తృప్తిపడలేదు. బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. ఇవాళ అందరూ మెచ్చేది ఆ రెండో రూపాన్నే. తొలిప్రతి గొప్పగా ఉండి తీరాలన్న పట్టుదలే చాలామంది చేతులు కట్టేస్తోంది.

9. పది నిమిషాలు కలం ఆపకండి
పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు 1973లో తన పుస్తకంలో చెప్పిన సాధన ఇది. తప్పొప్పులు చూడకుండా, కొట్టివేయకుండా పది నిమిషాలు రాస్తూనే ఉండాలి. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాయాలి.

కందుకూరువాళ్ళకు రాయడానికి సరుకు వెతుక్కోవాల్సిన పని లేదు. శ్రీశైలం రోడ్డు మీద కల్వకుర్తి బస్సు కోసం నిలబడ్డవాళ్ళ మాటలు వినండి. ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు భూములు మొదట ఫార్మాసిటీ పేరుతో, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ పేరుతో వార్తల్లో నలుగుతున్నాయి. నిన్నటిదాకా పొలం దున్ని ఇవాళ ప్లాట్ల రాళ్ళు చూస్తున్న తాతను పలకరించండి. ఆయన చెప్పేది ఆయన మాటల్లోనే ఈ రాత్రి పది వాక్యాలు రాసి, రేపు ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. మన ఊరి కథ మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?